పాత ఎక్స్‌పీ కంప్యూటర్, కొత్త హార్డ్ డిస్కు: ‘ఫార్మాట్ చేయమంటారా’ అంటే వద్దనే చెప్పండి

సార్, ముందుగా మీరు రాసినది నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. 2006లో కొన్న మీ డెస్క్‌టాప్‌లో ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ నడుస్తోంది. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో మీరు సేకరించిన నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు అరవై కాసెట్ల దాకా అందులోకి ఎక్కించారు. పెద్దగట్టు జాతరలో తీసిన ఎనిమిది మినీ డీవీ టేపుల వీడియో కూడా అందులోనే ఉంది. వాటిని భద్రం చేసుకోమని మీ మనవడు 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు కొనిచ్చాడు. అతని ల్యాప్‌టాప్‌లో అది చక్కగా తెరుచుకుంటోంది, తన అక్క పెళ్లి ఫొటోలు కూడా అందులో వేసుకున్నాడు. మీ కంప్యూటర్‌కు తగిలిస్తే మాత్రం మొదటిసారి టిక్కుటిక్కుమని ఆగిపోయింది. వేరే పోర్టుకు మార్చితే ఈసారి ‘ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు చేయమంటారా’ అని అడిగింది. అవునని నొక్కాలా అని మీ సందేహం.

నొక్కకండి. నొక్కితే పెళ్లి ఫొటోలు పోతాయి.

నల్లగొండలో క్లాక్ టవర్ సెంటర్ దగ్గర నేను కంప్యూటర్ల రిపేరు దుకాణం పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. దుకాణం కొత్తలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు తెచ్చిన డిస్కు మీద ఇదే ప్రశ్న వస్తే, ఖాళీదే కదా అనుకుని నేనే అవునని నొక్కాను. నిజానికి కరెంటు పోయినప్పుడు ఆ డిస్కులోని విషయసూచిక మాత్రమే దెబ్బతింది, ఫొటోలన్నీ క్షేమంగా ఉన్నాయి. ఆ తర్వాత దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా ఆపి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో చాలావరకు వెనక్కి తెచ్చాను. కానీ ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు తిరిగి రాలేదు. ఏ ఫొటో ఏ పెళ్లిదో పెళ్లికూతుళ్ల ముఖాలు చూసి వేరు చేస్తూ ఆయన ఎన్ని రాత్రులు కూర్చున్నాడో నాకు తెలుసు. అప్పటి నుంచి ఆ ప్రశ్న ఎవరి కంప్యూటర్ మీద కనిపించినా ముందు వద్దు అని నొక్కి, తర్వాతే ఆలోచిస్తాను.

ఆ ప్రశ్నకు అసలు అర్థం వేరు. మన పాలమూరు, నల్లగొండ ఇళ్లలో నిజాం కాలం నాటి ఉర్దూ దస్తావేజులు ఇంకా పెట్టెల్లో ఉంటాయి. ఉర్దూ రానివాడి చేతికి ఆ కాగితం ఇస్తే ‘ఇందులో ఏమీ లేదు, తుడిచేసి కొత్తగా రాయనా’ అని అడిగాడనుకోండి, కాగితం ఖాళీ అని కాదు కదా. ఎక్స్‌పీ అడుగుతున్నదీ అదే. డిస్కు మీద ఫైళ్లను అమర్చిన పద్ధతి దానికి చదవడం రాదు. ఈమధ్య వస్తున్న చాలా పోర్టబుల్ డిస్కులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో సిద్ధమై వస్తాయి. ఎక్స్‌పీ 2001 నాటిది, దానితో ఎక్స్‌ఫ్యాట్ రాలేదు. తర్వాత ఒక అదనపు నవీకరణతో దానికి అది నేర్పించారు గానీ, ఆ నవీకరణ కోసం ఇప్పుడు ఎక్కడెక్కడో వెతికి, తెలియని సైట్ల నుంచి దించుకోవడం కంటే డిస్కునే ఎక్స్‌పీకి తెలిసిన భాషలోకి మార్చడం మేలు. ఆ భాష పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్.

అంటే మీకు వచ్చింది ఒక సమస్య కాదు, రెండు. టిక్కుటిక్కు శబ్దం కరెంటుది. ఫార్మాట్ ప్రశ్న పద్ధతిది. వీటిని కలిపి చూస్తే డిస్కు చెడిపోయిందనో కంప్యూటర్ పనికిరాదనో అనిపిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి రెండూ బాగానే ఉన్నాయని నా నమ్మకం.

కరెంటు సంగతి ముందు చూద్దాం. పోర్టబుల్ డిస్కుకు వేరే అడాప్టర్ ఉండదు, తనకు కావలసిన కరెంటంతా యూఎస్‌బీ తీగ నుంచే తీసుకుంటుంది. మీ కంప్యూటర్‌లో ఉండేది యూఎస్‌బీ 2.0. ఆ పోర్టు నియమం ప్రకారం ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు. కొత్త డిస్కులను యూఎస్‌బీ 3.0ను దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు, అక్కడ 900 దాకా దొరుకుతుంది. లోపలి పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లే డిస్కుకు ఎక్కువ బలం కావాలి. అది అందకపోతే పళ్లెం తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోయి ఆగుతుంది. మీరు విన్నది ఆ శబ్దమే. మొదటిసారి మీరు తగిలించింది సీపీయూ డబ్బా ముందువైపు పోర్టుకే అయి ఉంటుంది. ఆ పోర్టు నుంచి మదర్‌బోర్డు దాకా లోపల సన్నటి తీగ పాకుతూ వెళుతుంది, పాత డబ్బాల్లో ఆ దారిలోనే బలం తగ్గిపోతుంది.

కాబట్టి ఎప్పుడూ వెనకవైపు పోర్టుకే తగిలించండి. అవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. డిస్కుతో వచ్చిన పొట్టి తీగనే వాడండి, పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ అసలు వద్దు. ప్రింటరు, పెన్ డ్రైవ్, వెబ్‌క్యామ్ ఏవైనా ఉంటే ఆ సమయానికి తీసేయండి. వెనకవైపు కూడా టిక్కుమంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఒకవైపు రెండు ప్లగ్గులుండే తీగ. రెండో ప్లగ్గు అదనపు కరెంటు కోసమే. మరొకటి, సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్. నా ఓటు హబ్‌కే, ఎందుకంటే మీ కంప్యూటర్‌కు లోపల కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కూడా ఇన్నేళ్లకు అలసిపోయి ఉంటుంది, దాని మీద ఇంకా భారం ఎందుకు. అడాప్టర్ లేని హబ్ మాత్రం కొనకండి, అది ఉన్న కరెంటునే నలుగురికి పంచుతుంది. డిస్కు ప్లగ్గు లోపల నీలం రంగు చూసి మన పోర్టుకు సరిపడదేమో అనుకోవద్దు, 3.0 డిస్కు 2.0 పోర్టులో పనిచేస్తుంది, వేగం మాత్రమే తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌కు తగిలించినా అదే శబ్దం వస్తే అది కరెంటు లోపం కాదు, లోపల దెబ్బ తగిలిందని. వెంటనే తీసేసి వారంటీ కింద మార్పించుకోండి. అలాంటి డిస్కును పదేపదే తగిలించి చూస్తే ఉన్నది కూడా పోతుంది.

ఇక పద్ధతి మార్చడం. ఈ పని మీ కంప్యూటర్‌లో చేయకండి, మనవడి ల్యాప్‌టాప్‌లోనే చేయించండి. ఈ కాలపు డిస్కులు లోపల 4096 బైట్ల గడులుగా రాసుకుంటాయి. కొత్త విండోస్ ఆ గడుల అంచులు కలిసేలా గీత గీస్తుంది. ఎక్స్‌పీ తన పాత లెక్క ప్రకారం 63వ చిన్న గడి నుంచి మొదలుపెడుతుంది, అంచులు కలవక డిస్కు ప్రతి రాతకూ రెట్టింపు పని చేస్తుంది. తెలియనివారు డిస్కు మందకొడిదని తిట్టుకుంటారు.

ముందు పెళ్లి ఫొటోలను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయించండి. కాపీ అయ్యాక కొన్ని ఫొటోలు తెరిచి చూడమనండి. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కింది వరుసలో ఆ డిస్కు పేరు మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ అనే చోట దాని విభజన పద్ధతి ఏమిటో చూడాలి. అక్కడ ఎంబీఆర్ అనో జీపీటీ అనో ఉంటుంది. మామూలుగా ఇళ్లలో ఉండే 32 బిట్ల ఎక్స్‌పీకి జీపీటీ తెలియదు. మీ డిస్కు జీపీటీ అయి ఉంటే ఎక్స్‌పీ ఫార్మాట్ ప్రశ్న కూడా అడిగేది కాదు, మై కంప్యూటర్‌లో అసలు కనిపించేదే కాదు. అడిగింది కాబట్టి మీది ఎంబీఆరే అని నా అంచనా. అలా అయితే పని తేలిక. ఆ డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి, ఫార్మాట్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకుని, క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్కు ఉంచి కానివ్వండి. ఒక నిమిషం కూడా పట్టదు. క్విక్ తీసేస్తే 2 టీబీ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ గంటలకు గంటలు కూర్చుంటుంది. ఒకవేళ జీపీటీ అని కనిపిస్తే ఉన్న భాగాన్ని తొలగించి, డిస్కును ఎంబీఆర్‌కు మార్చి, కొత్తగా భాగం చేయాలి. ఏది చేసేముందైనా నొక్కుతున్నది ల్యాప్‌టాప్ సొంత డిస్కు మీద కాదు, బయటి డిస్కు మీదే అని దాని సైజు చూసి ఒకటికి రెండుసార్లు నిర్ధారించుకోమనండి. అక్కడ 2 టీబీకి బదులు సుమారు 1863 జీబీ అని చూపిస్తుంది, మోసపోయామనుకోకండి. అమ్మేవారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తారు.

మీ మనవడు 2 టీబీ కొనడం ఒకరకంగా మంచిదైంది. ఎంబీఆర్ పద్ధతి మామూలు లెక్కలో 2.2 టీబీ దాటి చూడలేదు. పాత కంప్యూటర్‌కు 4 టీబీ, 5 టీబీ కొని ఇబ్బంది పడినవారిని చూశాను.

ఫ్యాట్32 అనే ఇంకో పాత పద్ధతి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాత కంప్యూటర్ అనగానే చాలామంది అదే చేయమంటారు. మీకు అది ఎందుకూ పనికిరాదు. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. గంటసేపటి మినీ డీవీ టేపును ఉన్నదున్నట్టు ఎక్కిస్తే సుమారు 13 జీబీ అవుతుంది, అంటే జాతర వీడియో ఒక్క ఫైలులో ఇరవై నిమిషాలంత కూడా ఇమడదు. పైగా అప్పుడు ఎక్స్‌పీ అసలు కారణం చెప్పదు, డిస్కులో చోటు లేదంటుంది. దాదాపు 2 టీబీ ఖాళీ పెట్టుకుని చోటు లేదనే మాట చూస్తే ఎవరికైనా మతిపోతుంది.

డిస్కుతో పాటు వచ్చే బ్యాకప్, తాళం ప్రోగ్రాములను పట్టించుకోకండి. వాటిలో పాస్‌వర్డ్ పెడితే ఎక్స్‌పీలో తెరుచుకోకపోవచ్చు. నన్నడిగితే పాటలకు తాళం వేయనే కూడదు. మీ తర్వాత ఎవరో ఒకరు తెరవగలగాలి కదా.

ఇప్పుడు మీ కంప్యూటర్ దగ్గరికి వద్దాం. డిస్కు తగిలించి ఉండగా కంప్యూటర్ ఆన్ చేయకండి. కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామును బయోస్ అంటారు, పాత బయోస్‌లు కొన్ని బయటి డిస్కులోనే విండోస్ ఉందేమోనని వెతికి, నల్ల తెర మీద ఆగిపోతాయి. ముందు ఎక్స్‌పీ పూర్తిగా తెరుచుకోనివ్వండి, తర్వాత తగిలించండి. మొదటిసారి గుర్తించడానికి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటుంది. ఆ లోపు పీకి మళ్లీ పెట్టకండి. కింద మూలన ‘దీన్ని ఇంకా వేగమైన పోర్టుకు తగిలిస్తే బాగా పనిచేస్తుంది’ అన్న అర్థం వచ్చే సందేశం కనిపిస్తే మాత్రం ఆగండి. అది పోర్టు పాత 1.1 వేగంతో నడుస్తోందని చెప్పడం. మీ ఫైళ్ల లెక్క చూడండి. ఎనిమిది టేపులు 104 జీబీ, అరవై కాసెట్లు నాణ్యత తగ్గించకుండా వేవ్ ఫైళ్లుగా ఎక్కించారు కాబట్టి గంటకు 600 ఎంబీ చొప్పున 36 జీబీ, మొత్తం 140. యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 25 ఎంబీ వచ్చినా గంటన్నరలో అయిపోతుంది. 1.1 మీద సెకనుకు ఒక ఎంబీ వస్తే గొప్ప, ఒకటిన్నర రోజు దాటుతుంది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ కంట్రోలర్ల కింద ‘ఎన్‌హాన్స్‌డ్’ అన్న మాట ఉంటే 2.0 ఉన్నట్టే. 2006 కంప్యూటర్‌లో అది ఉంటుంది. ఆ పేరు లేకపోతే మదర్‌బోర్డుతో ఇచ్చిన సీడీలోని డ్రైవర్లు మళ్లీ వేయాలి.

గుర్తించినట్టు శబ్దం వచ్చి, మై కంప్యూటర్‌లో మాత్రం కనిపించకపోతే అక్షరం గొడవ అయి ఉంటుంది, అంటే ప్రతి డిస్కుకూ విండోస్ ఇచ్చే సి, డి లాంటి అక్షరం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో ఇలాగే డిస్కు చెడిపోయిందని పక్కన పెట్టారు. వెళ్లి చూస్తే, లెక్కల ఫోల్డరును నెట్‌వర్క్ ద్వారా ఎఫ్ అక్షరంతో పెట్టుకున్నారు, ఎక్స్‌పీ అది చూసుకోకుండా కొత్త డిస్కుకూ ఎఫ్ ఇచ్చింది. మై కంప్యూటర్ మీద కుడి బటన్, మేనేజ్, డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి ఆ డిస్కు అక్షరాన్ని ఆర్ లాంటి దూరపు అక్షరానికి మార్చాను, అంతే. అక్కడ అక్షరం మార్చడం తప్ప వేరే ఏ బటనూ ముట్టకండి.

కాపీ చేసేటప్పుడు కట్ చేసి పేస్ట్ చేయడం ఎన్నడూ వద్దు, కాపీ మాత్రమే. మొత్తం 140 జీబీని ఒకేసారి లాగకండి. ఎక్స్‌పీలో మధ్యలో ఒక్క ఫైలు చదవలేకపోయినా పని మొత్తం ఆగిపోతుంది, ఎంతవరకు అయిందో చెప్పదు. ఊరికొక ఫోల్డరు ఉందని రాశారు కాబట్టి ఊరి చొప్పున చేయండి. ఒక ఊరు కాగానే అసలు ఫోల్డరు మీదా, కాపీ మీదా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్ల సంఖ్య అంకెకు అంకె సరిచూడండి. రెండు మూడు పాటలు మధ్యలోంచి, చివర్లోంచి వినండి. కాగితం మీద ఆ ఊరి పేరు పక్కన టిక్కు పెట్టుకోండి. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాని పేరు రాసుకుని వదిలేసి ముందుకు వెళ్లండి. బాగున్నవన్నీ బయటపడ్డాక దాని సంగతి చూద్దాం. చదవడానికి మొరాయిస్తున్న డిస్కును ఒక్క ఫైలు కోసం గంటలు సతాయిస్తే మిగతావి కూడా ప్రమాదంలో పడతాయి.

కరెంటు, ఎండ మన దగ్గర వేరే మాట్లాడుకోవాల్సినవి. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే కరెంటు పోయిన క్షణమే కంప్యూటర్ ఆరిపోతుంది, మధ్యలో ఉన్న కాపీ పాడవుతుంది, ఒక్కోసారి డిస్కు విషయసూచిక కూడా. బ్యాటరీ పది నిమిషాలైనా ఆగుతోందో లేదో ముందే ప్లగ్గు తీసి చూసుకోండి, అదీ పోర్టబుల్ డిస్కు తగిలించక ముందు. ఇక పోర్టబుల్ డిస్కులు చాలావాటికి తయారీదారులు చెప్పే పరిసరాల వేడి 35 డిగ్రీల వరకే. మే నెలలో మన గదుల్లో మధ్యాహ్నం అది దాటిపోతుంది. తెల్లవారుజామున చేసుకోండి. డిస్కును గుడ్డ మీద, సీపీయూ మీద పెట్టకండి, చెక్క బల్ల మీద ఫ్యాను గాలి తగిలేలా చదునుగా పెట్టండి. తిరుగుతున్నప్పుడు ఎత్తకండి, జరపకండి. పని అయ్యాక కింద మూలన ఉండే చిహ్నం ద్వారా తొలగించమని చెప్పి, దీపం ఆరాకే తీగ తీయండి.

మీ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో భద్రతా నవీకరణలు ఆపేసింది. ఇంటర్నెట్ లేకపోయినా జిరాక్స్ సెంటర్లలో తిరిగిన పెన్ డ్రైవ్‌ల ద్వారా వైరస్ చేరి ఉండవచ్చు. కాపీ అయ్యాక మనవడు ఆ డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించిన వెంటనే ఏ ఫైలూ తెరవకుండా యాంటీవైరస్‌తో పూర్తిగా పరీక్షించమనండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనిపిస్తే బెదిరిపోవద్దు. ఆ వైరస్ అసలు ఫోల్డర్లను దాచిపెడుతుందే గానీ సాధారణంగా తుడిచేయదు. ఆ షార్ట్‌కట్లను మాత్రం నొక్కకండి.

మీ కంప్యూటర్ తేదీ ఆన్ చేసిన ప్రతిసారీ వెనక్కి పోతోందని కూడా రాశారు. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది, చవకైనదే, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది. మీ పనికి ఇది చిన్న విషయం కాదు. తేదీ తప్పుగా ఉన్న రోజుల్లో ఎక్కించిన పాటలన్నిటికీ తప్పు తేదీలే పడి ఉంటాయి. అందుకే ఫైలు తేదీని నమ్మకుండా పాడిన అమ్మ పేరు, ఊరు, సంవత్సరం ఫైలు పేరులోనే రాయండి. ల్యాప్‌టాప్‌లో తెలుగులో పేర్లు పెడితే ఎక్స్‌పీలో డబ్బాలుగా కనిపించవచ్చు. పేరు చెడిపోలేదు, తెలుగు చూపించే సదుపాయం అందులో వేయలేదంతే.

ఇవన్నీ చేసినా మీ కంప్యూటర్ మొండికేస్తే, దాన్ని దాటి వెళ్లే దారి ఒకటుంది. సీపీయూ డబ్బా విప్పి, లోపలి హార్డ్ డిస్కు తీసి, యూఎస్‌బీగా మార్చే అడాప్టర్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి కాపీ చేయవచ్చు. 2006 నాటిది కాబట్టి లోపల వెడల్పు పట్టీ తీగ ఉండే ఐడీఈ రకమైనా, సన్నటి తీగ ఉండే సాటా రకమైనా కావచ్చు. రెండింటికీ పనికివచ్చే అడాప్టర్ అడగండి, దానికి వేరే కరెంటు ప్లగ్గు కూడా ఉండాలి. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ల డిస్కు అంటున్నారు కాబట్టి నా దుకాణానికి వస్తే నేను మొదట ఇదే చేసేవాడిని.

కాపీ పూర్తయిందని పాత కంప్యూటర్‌లోవి చెరిపేయకండి, కాసెట్లూ టేపులూ ఎవరికీ ఇచ్చేయకండి. పోర్టబుల్ డిస్కు ఒక్కసారి బల్ల మీద నుంచి జారిపడితే చాలు. వీలైతే ఇలాంటిదే ఇంకొకటి కొని, రెండో ప్రతి హైదరాబాద్‌లో మనవడి దగ్గర ఉంచండి. నాట్లు వేస్తూ పాడిన ఆ అమ్మల్లో ఎంతమంది ఇప్పుడు లేరో మీకే తెలుసు, వాళ్లను మళ్లీ పాడమని అడగలేం.

వెనకవైపు పోర్టుకు, ఆ తర్వాత అడాప్టర్ ఉన్న హబ్‌కు తగిలించాక కూడా టిక్కు శబ్దం వస్తే మాత్రం ఇంకేమీ ప్రయత్నించకుండా నల్లగొండ తీసుకురండి. మానిటరు, కీబోర్డు అక్కర్లేదు, సీపీయూ, డిస్కు, దాని తీగ చాలు. బస్సులో సీపీయూను కింద పెట్టకుండా ఒళ్లో పెట్టుకోండి, డిస్కును తువ్వాలులో చుట్టి చేతి సంచిలో వేరుగా తెచ్చుకోండి.